అప్‌డేట్: జమైకా నిమ్మజాతి పండ్ల గ్రాఫు 2014 దగ్గర విరగడానికి కారణం దొరికింది

జమైకాలో నారింజ, నిమ్మ జాతి పండ్ల సరఫరా గ్రాఫు గీస్తుంటే 2013కీ 2014కీ మధ్య గీత మెట్టులా విరిగిపోతోందని లోగడ ఇక్కడ అడిగాను. చిక్కు వీడింది. జవాబులిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

తప్పు తోటలది కాదు, నాది. ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) ఆహార సమతుల్య పట్టికలు, అంటే ఒక దేశంలో ఏ ఆహారం ఎంత అందుబాటులో ఉందో చూపేవి, రెండు రకాలు: 2013తో ముగిసే పాత పద్ధతివి, 2010 నుంచి మొదలయ్యే కొత్త పద్ధతివి. నేను 2013 దాకా పాతవి, వాటి కింద 2014 నుంచి కొత్తవి అతికించేశాను. "2010–2013 రెండింటిలోనూ ఉంటాయి, పక్కపక్కన పెట్టి చూడండి" అన్న సలహాయే పనిచేసింది. ఒకే ఏడాదికి రెండు వేర్వేరు అంకెలు! మా గణాంకాల మేడమ్ ఫైలు చూసి అదే మాట అన్నారు. ఇప్పుడు రెండు గీతలు విడివిడిగా గీశాను.

2012 శాండీ తుఫాను వల్లేమో అన్న ఊహకు ఈ మెట్టుతో సంబంధం లేదు. 2009లో అక్కడ బయటపడ్డ గ్రీనింగ్ తెగులు దెబ్బ నిజమే. మందు లేని జబ్బు, రసం పీల్చే చిన్న పురుగు మోసుకుపోతుంది. కానీ అది చెట్టును ఏళ్ల తరబడి కుంగదీస్తుంది, ఒక్క ఏడాదిలో గీత విరగ్గొట్టదు.

ఇంకొకటి: పట్టికలో నారింజ, మాండరిన్ కలిపి ఒక వరుస, నిమ్మ వేరు, గ్రేప్‌ఫ్రూట్ వేరు. పైగా సరఫరా అంటే దిగుబడి ఒక్కటే కాదు. దిగుమతులు కలిపి, ఎగుమతులు తీసేసి, నిల్వల మార్పు సర్దాక మిగిలేది. రెండు వారాలు దిగుబడి అనుకునే చదివాను.