స్ట్రాట్‌లో హంబకర్ పెడితే లెస్‌పాల్ అవుతుందా?

బెండ్ రాగం
ప్రశ్న సూటిగా అడుగుతున్నా. నా గిటార్ ఫెండర్ స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్): ఆల్డర్ చెక్క బాడీ, మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగ కంపనాన్ని కరెంటుగా మార్చే ఒంటి రాగిచుట్టలు), 250కే (కిలో ఓమ్) పాట్‌లు, అంటే వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింది రెసిస్టర్లు. బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు) దగ్గర హంబకర్ (హమ్ అనే గుంయ్ శబ్దాన్ని తగ్గించే రెండు కాయిల్‌ల పికప్) వేసి, పాట్ 500కే చేస్తే గిబ్సన్ లెస్‌పాల్ గిటార్ శబ్దం వచ్చేస్తుందని కొందరంటారు. చెక్క మారకపోతే ఏం చేసినా రాదని ఇంకొందరు. డబ్బు పెట్టే ముందు తేల్చుకోవాలి.

రాగిచుట్ట
చెక్క గొడవ తర్వాత, ముందు లెక్క చూద్దాం. పికప్ కాయిల్‌కి ఇండక్టెన్స్ ఉంటుంది, కేబుల్‌కి కెపాసిటెన్స్ ఉంటుంది. ఈ రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర శిఖరం కడతాయి, దానికి పైనున్నదంతా వేగంగా పడిపోతుంది. 5 మీటర్ల మామూలు కేబుల్ దాదాపు 500 పికోఫారడ్, కాయిల్ సొంతది ఇంకో 100 అనుకోండి. పాతరకం స్ట్రాట్ పికప్ 2.3 హెన్రీ దగ్గర ఉంటుంది కాబట్టి శిఖరం సుమారు 4,300 హెర్ట్జ్. గిబ్సన్ పాతరకం హంబకర్ 4.5 హెన్రీ, అంటే సుమారు 3,100. మన చెవికి "లావు", "సన్నం" అని తోచే తేడాలో పెద్ద వాటా ఇదే.

దీని మీద పాట్‌ల బరువు పడుతుంది. వాల్యూమ్ 250కే, టోన్ 250కే కలిస్తే పికప్‌కి కనిపించేది 125కే. రెండూ 500కే అయితే 250కే. ఓమ్‌లు తగ్గేకొద్దీ శిఖరం అణుగుతుంది. అందుకే హంబకర్‌కి 250కే పెడితే స్పీకర్ మీద దుప్పటి కప్పినట్టుంటుంది, సింగిల్ కాయిల్‌కి 500కే పెడితే చెవిలో గుచ్చుకుంటుంది. నా మాట: పికప్, పాట్ మారిస్తే చాలావరకు వచ్చేస్తుంది.

కలమజూ 52
రాగిచుట్ట గారూ, లెక్క ఒప్పుకుంటా. కానీ "లెస్‌పాల్ శబ్దం" అంటే ఏ లెస్‌పాల్? 1952లో గిబ్సన్ తెచ్చిన మొదటి మోడల్‌లో ఉన్నవి పి-90లు, అంటే సింగిల్ కాయిల్స్. గిబ్సన్ ఇంజినీర్ సెత్ లవర్ చేసిన హంబకర్ దానిలోకి వచ్చింది 1957లో. ఆయన పేటెంట్‌కి 1955లో దరఖాస్తు చేస్తే 1959లో మంజూరైంది. ఈలోపు పికప్ అడుగున "పేటెంట్‌కి దరఖాస్తు చేశాం" అని ఇంగ్లీషులో స్టిక్కర్ అంటించారు. ఆ హంబకర్లకి పి.ఎ.ఎఫ్. (పేటెంట్ అప్లైడ్ ఫర్) అన్న పేరు అక్కడిదే.

తొలి ఏడాది గిటార్‌లలో నెక్ వాలు చాలక తీగల్ని బ్రిడ్జ్ బార్ కింది నుంచి తిప్పాల్సి వచ్చింది, అరచేతితో మ్యూట్ చేయడానికే వీల్లేదు. తీగల కొసలు పట్టే స్టాప్ బార్, ఆ తర్వాత తీగ తీగకీ పొడవు సరిచేసుకునే ట్యూనోమాటిక్ బ్రిడ్జ్ వచ్చాకే దాని రూపం కుదిరింది. ఈరోజు అందరూ కోరుకునే సన్‌బర్స్ట్ మోడల్ 1958 నుంచి 1960 వరకే చేశారు. 1961లో ఆ బాడీ తీసేసి రెండు కొమ్ముల పలుచని బాడీ పెట్టారు, దాన్నే తర్వాత ఎస్‌జీ అన్నారు. పాత ఆకారం తిరిగొచ్చింది 1968లో. మధ్యలో 1966లో ఇంగ్లీషు గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ పాత లెస్‌పాల్‌ని మార్షల్ కాంబోలో (స్పీకర్ కలిసే ఉన్న ఆంప్) గట్టిగా పెట్టి వాయించడం వల్లే జనం మళ్లీ వెతకడం మొదలుపెట్టారు. మీరు తలలో పెట్టుకున్న ధ్వనిలో ఆ ఆంప్‌ది పెద్ద పాలు. మార్షల్ తొలి ఆంప్ సర్క్యూట్‌కి మూలం మళ్లీ ఫెండర్ వాళ్ల బాస్‌మన్ ఆంప్!

టెలీ పక్షం
ఆ ధ్వని ఒక్క లెస్‌పాల్‌దే కాదనడానికి గట్టి సాక్ష్యం ఉంది. రాక్ బ్యాండ్ లెడ్ జెప్లిన్ 1969 మొదటి ఆల్బమ్ విని "లెస్‌పాల్ అంటే ఇదీ" అనేవాళ్లు ఎంతోమంది. అందులో వాళ్ల గిటారిస్ట్ జిమ్మీ పేజ్ వాయించింది ఎక్కువగా ఫెండర్ టెలీకాస్టర్. దాని బ్రిడ్జ్ పికప్ స్టీల్ పలకకి వేలాడుతుంది, అడుగున ఇంకో లోహపు రేకు ఉంటుంది. వాటివల్ల ఇండక్టెన్స్ కొంచెం పెరిగి, స్ట్రాట్ బ్రిడ్జ్ పికప్ కన్నా మధ్యస్థాయి నిండుగా పలుకుతుంది. అసలు చరిత్రంతా అక్కడే మొదలు: 1950లో బ్రాడ్‌కాస్టర్, గ్రెచ్ వాళ్లు తమ డ్రమ్ముల పేరని అభ్యంతరం చెబితే 1951లో టెలీకాస్టర్. స్ట్రాట్ వచ్చింది 1954లో.

మేపుల్ నెక్
అందరూ కరెంటు వైపే మాట్లాడుతున్నారు. పికప్ దగ్గరికి చేరేలోపే తీగ వేరుగా ఊగుతోంది కదా. ఫెండర్ స్కేల్ (తీగ ఊగే పొడవు) 25.5 అంగుళాలు, గిబ్సన్ చెప్పుకునేది 24.75. ఒకే తీగ, ఒకే శ్రుతి అయితే బిగువు పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే స్ట్రాట్‌లో 6 శాతం ఎక్కువ. లావు తీగల మీద ఆ "టంగ్" అనే స్పష్టత అక్కడిదే.

రెండోది చోటు. స్ట్రాట్ బ్రిడ్జ్ పికప్ వాలుగా ఉంటుంది: సన్న తీగల వైపు బ్రిడ్జ్‌కి దగ్గర, లావు తీగల వైపు దూరం. ఎడమచేతి గిటారిస్ట్ జిమి హెండ్రిక్స్ కుడిచేతి గిటార్ తిరగేసి పట్టుకోవడంతో ఆ వాలు తలకిందులైంది, లావు తీగలు బిర్రుగా, సన్నవి మెత్తగా పలికాయి. ఒకే పికప్, చోటు మారినందుకే అంత తేడా. మీరు వేసే హంబకర్ నిటారుగా కూర్చుంటుంది కాబట్టి లెస్‌పాల్‌కి దగ్గరవుతుంది, ఒప్పుకుంటా. కానీ వెనక ట్రెమొలో (శ్రుతిని ఊపే మీట ఉన్న బ్రిడ్జ్) స్ప్రింగ్‌లు, స్క్రూలతో బిగించిన నెక్ అలాగే ఉంటాయి.

చెక్కకి పనిలేదనేవాళ్లు మూడో తీగ మీద ఫ్రెట్‌లు ఒక్కొక్కటే నొక్కి చూడండి. చాలా స్ట్రాట్‌లలో ఎక్కడో ఒక స్వరం తొందరగా చచ్చిపోతుంది. నెక్ సొంత కంపనం ఆ శక్తిని పీల్చేస్తుంది. హెడ్‌స్టాక్‌కి (నెక్ చివర బిరడాలుండే చోటు) చిన్న ఇనుప క్లాంప్ బిగిస్తే ఆ చోటు పక్క ఫ్రెట్‌కి జరుగుతుంది.

రాగిచుట్ట
క్లాంప్ పరీక్ష నిజమే, ఎవరైనా చేసి చూడొచ్చు. కానీ అది రుజువు చేసేది ఒక్కటే: నెక్ ఒక స్వరం ఆయుష్షు తగ్గిస్తుందని. మహాగనీకి "వెచ్చదనం", ఆల్డర్‌కి "మెరుపు" అని దుకాణాల్లో చెప్పే కథకి అది ఆధారం కాదు. స్కేల్, పికప్ చోటు విషయంలో మాత్రం మీదే సరి, నేను వాటిని తక్కువ చేశాను.

బెండ్ రాగం
గమకాలు ఎక్కువగా వాయిస్తే ఆ 6 శాతం ఎలా తగ్గించాలి? 10 సెట్ (అన్నిటికన్నా సన్న తీగ 0.010 అంగుళం) ఉంది.

మేపుల్ నెక్
బిగువు తీగ మందం వర్గాన్ని బట్టి మారుతుంది. 10 నుంచి 9.5 సెట్‌కి దిగితే దాదాపు 10 శాతం తగ్గుతుంది, లెస్‌పాల్ మీద 10 సెట్ కన్నా కాస్త వదులే. పాలకొల్లు శ్రీనివాస్ గారు మాండలిన్ జంట తీగల్ని వదిలి అయిదు ఒంటి తీగలు, పికప్ పెట్టుకున్నారు. గమకానికి తీగ ఎలా ఉండాలన్నది అంత ముఖ్యం. సెట్ మార్చాక ట్రెమొలో వెనక్కి వాలుతుంది, స్ప్రింగ్ స్క్రూలు వదులు చేసి, ఇంటొనేషన్ (పై ఫ్రెట్‌లలోనూ శ్రుతి కుదరడం) మళ్లీ పెట్టండి.

సోల్డర్ పొగ
చేసేవాళ్లు తప్పులు ఎక్కడ చేస్తారో చెబుతా. ముందు పిక్‌గార్డ్ (పికప్‌లు బిగించిన పై పలక) విప్పి బాడీలో బ్రిడ్జ్ వైపు గుంట చూడండి. మూడు సన్నని గుంటలే ఉంటే చెక్క తొలచాలి. పాత గిటార్ అయితే ఆ పని చేయొద్దు, విలువ పోతుంది. సింగిల్ కాయిల్ సైజు హంబకర్‌లు దొరుకుతాయి. హమ్ పోతుంది, కానీ రెండు కాయిల్‌లు ఇరుగ్గా ఉండటంతో తీగలో చిన్న ముక్కనే వింటాయి, శబ్దం పూర్తిగా పెద్ద హంబకర్‌ది కాదు.

పోల్స్ (పికప్‌లో ఒక్కో తీగ కింద ఉండే లోహపు మొనలు) వరస, మొదటి దాని నుంచి చివరి దాకా: గిబ్సన్ కొలత 49-50 మి.మీ., ఫెండర్ బ్రిడ్జ్ కోసం చేసేవి 52-53. చిన్నది కొంటే చివరి తీగలు పోల్స్ బయట పడతాయి.

వాల్యూమ్ పాట్ 500కే చేస్తే మిగిలిన రెండు సింగిల్స్ గుచ్చుకుంటాయి. ఒకే టోన్ పాట్ ఉంచుకుంటే పికప్‌లు ఎంచుకునే 5-వే స్విచ్ రెండో సగం ఖాళీ అవుతుంది. దాని ద్వారా నెక్, మిడిల్ స్థానాల్లో మాత్రం 470కే రెసిస్టర్‌ని హాట్ (సిగ్నల్ వైర్) నుంచి గ్రౌండ్‌కి తగిలించండి. 500కే, 470కే సమాంతరంగా 242కే అవుతాయి.

ఫేజ్ (రెండు పికప్‌ల సిగ్నల్ ఒకే దిశలో ఊగడం) ఇంకో ఉచ్చు. హంబకర్, మిడిల్ కలిపినప్పుడు శబ్దం ముక్కుతో మాట్లాడినట్టు పలుచగా వస్తే ఫేజ్ ఎదురైనట్టు. సోల్డర్ చేసే ముందే మల్టీమీటర్‌ని కిలో ఓమ్‌లలో పెట్టి, హాట్‌కి, గ్రౌండ్‌కి తగిలించి, పోల్ మీద స్క్రూడ్రైవర్ ఆనించి లాగేయండి. అంకె క్షణం పెరుగుతుంది లేదా తగ్గుతుంది. రెండు పికప్‌లూ ఒకే వైపు కదలాలి. నాలుగు వైర్ల హంబకర్ అయితే హాట్, గ్రౌండ్ తారుమారు చేయండి, పైపొర వైర్ మాత్రం ఎప్పుడూ గ్రౌండ్‌కే. జడలాంటి లోహపు తొడుగు ఉన్న పాతరకం ఒంటి వైర్ అయితే దాన్ని తిప్పకూడదు, తొడుగంతా హాట్ అయి హమ్ కొడుతుంది. అప్పుడు సింగిల్స్ రెండింటి వైర్లే తిప్పాలి.

పాట్ వీపు మీద 25 వాట్ల ఐరన్ సరిగా అంటదు, 40 వాట్లది వాడండి, ముందు గరుకు కాగితంతో రుద్దండి. ఎత్తు: చివరి ఫ్రెట్ నొక్కిపట్టి, బ్రిడ్జ్ హంబకర్ నుంచి తీగకి 1.6 మి.మీ. సింగిల్స్‌ని లావు తీగ వైపు 2.4, సన్న తీగ వైపు 2 మి.మీ. కన్నా దగ్గరకి తేవద్దు, అయస్కాంతం తీగని లాగి పై ఫ్రెట్‌లలో ఒకే స్వరం రెండుగా వణుకుతుంది.

పోగొట్టుకునేదీ తెలుసుకోండి: బ్రిడ్జ్, మిడిల్ కలిసి ఇచ్చే ఆ బాతు పలుకు పోతుంది. హంబకర్‌ని కాయిల్ స్ప్లిట్ చేస్తే (ఒక కాయిల్‌నే వాడితే) కొంత తిరిగొస్తుంది.

రాగిచుట్ట
తొలవకముందే చేయదగ్గ పరీక్ష ఒకటుంది. అవుట్‌పుట్ జాక్ రెండు కొసల మధ్య 470 పికోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ సోల్డర్ చేయండి, కొన్ని రూపాయలు. మొత్తం 1,070 పికో అవుతుంది, 2.3 హెన్రీ మీద శిఖరం 3,200 హెర్ట్జ్‌కి దిగుతుంది, హంబకర్ ఉండే చోటే. రెండు కాయిల్‌ల జోరు రాదు, మన 50 హెర్ట్జ్ కరెంటు హమ్ తగ్గదు. కానీ ఆ రంగు మీకు నచ్చుతుందో లేదో తెలుస్తుంది.

కలమజూ 52
హమ్ కోసమే అయితే ముందు ప్లగ్ పాయింట్‌లో ఎర్త్ ఉందో లేదో చూడండి. తీగ ముట్టుకుంటే హమ్ తగ్గడం మామూలే, అప్పుడు తీగల గ్రౌండ్ వైర్ పనిచేస్తున్నట్టు. ముట్టుకుంటే పెరిగితే జాక్ దగ్గర హాట్, గ్రౌండ్ తారుమారయ్యాయేమో చూడండి.

బెండ్ రాగం
అందరికీ థాంక్స్. ముందు 470 పికో, తర్వాత 9.5 సెట్. విప్పి చూస్తే గుంటలు మూడూ సన్నవే, కాబట్టి బాడీ జోలికి వెళ్లను. పి-90 సింగిల్ కాయిలే కదా, స్ట్రాట్ సైజులో చేసింది పనికొస్తుందా?

రాగిచుట్ట
సైజు కుదించాక అది పి-90 కాదు. అసలుదానిలో కాయిల్ వెడల్పుగా, పొట్టిగా ఉంటుంది, అయస్కాంతాలు అడుగున రెండు పట్టీలుగా పడుకుంటాయి, ఇండక్టెన్స్ 7 హెన్రీ దాకా ఉంటుంది. సన్నని గుంటలో ఆ కాయిల్ పట్టదు. కెపాసిటర్ ఫలితం ఎలా ఉందో ఇక్కడే రాయండి, కేబుల్ పొడవు కూడా చెప్పండి, లెక్క సరిచూద్దాం.