అప్‌డేట్: అనంతపురం డ్రిప్ డీలర్ షాపు నుంచి వెంచర్ క్యాపిటల్‌కి

పోయినసారి నేనడిగింది ఇది: అనంతపురంలో డ్రిప్ డీలర్ దగ్గర పనిచేస్తున్నా, ఐఐఎం డిగ్రీ లేదు, బ్యాంకింగ్ అనుభవం లేదు, వెంచర్ క్యాపిటల్‌లోకి (కొత్త కంపెనీల్లో వాటా తీసుకుని డబ్బు పెట్టే రంగం) రానిస్తారా అని. రానిచ్చారు! బెంగళూరులో వ్యవసాయ స్టార్టప్‌లలో పెట్టుబడి పెట్టే చిన్న ఫండ్‌లో అనలిస్టుగా చేరుతున్నా.

మీలో ఒక అన్న ఇచ్చిన సలహానే పనిచేసింది: "రెజ్యూమె కాదు, నీకు తెలిసిన రంగం మీద మెమో రాసి పంపు." చీనీ (బత్తాయి) తోటల్లో డ్రిప్ ఎందుకు మూలన పడుతోందో రాశా. ఉప్పు నీళ్లకు డ్రిప్పర్లు పూడుకుపోతాయి, యాసిడ్ పెట్టి కడిగే మనిషి దొరకడు, సబ్సిడీలో వచ్చిన సెట్టుకు సర్వీసు చేసే దిక్కుండదు. ఇంటర్వ్యూ అంతా దీని మీదే నడిచింది. "ఈ సర్వీసుకు రైతు చేతి డబ్బు పెడతాడా?" అన్నారు. కాయ ధర బాగుంటే పెడతాడు, లేదంటే పంట వచ్చాక ఇస్తానంటాడు, కాబట్టి ఇలాంటి స్టార్టప్‌కు వసూళ్లే అసలు గండం అని చెప్పా. అక్కడే వాళ్లకు నచ్చిందనిపించింది.

క్యాప్ టేబుల్ (కంపెనీలో ఎవరికెంత వాటా ఉందో చూపే పట్టిక), టర్మ్ షీట్ (పెట్టుబడి షరతులు రాసుకునే కాగితం) మాత్రం తప్పకుండా నేర్చుకోండి. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2012లో తెచ్చిన ఏఐఎఫ్ నిబంధనలు కూడా చదవండి, ఇలాంటి ఫండ్లకు వర్తించే రూల్సు అవే. ఫండ్‌లో ఒక్కో ఇన్వెస్టరు సాధారణంగా కనీసం కోటి పెట్టాలి. ఫండ్ వాళ్లు ఎవరికి లెక్క చెప్పుకోవాలో అవి చదివితే తెలుస్తుంది.

కడప, కర్నూలు తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా మెమో రాస్తే పంపండి, చదివి చెబుతా.