స్కూటర్ స్టార్ట్ కావట్లేదు: తప్పు పెట్రోల్‌దా, సముద్రం గాలిదా?

లాసన్స్ బే వాసి
2021 బీఎస్6 స్కూటర్. ఊరెళ్లి పన్నెండు రోజులకి వచ్చాం. బండి సెల్లార్‌లోనే ఉంది, కవర్ కూడా వేసే వెళ్లాను. తాళం తిప్పితే మీటర్ వెలుగుతోంది గానీ సెల్ఫ్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. కిక్ ముప్పై సార్లు కొట్టుంటాను, చొక్కా తడిసింది తప్ప ఇంజన్ అందుకోలేదు. సందు చివర మెకానిక్ వచ్చి ట్యాంక్ మూత తీసి వాసన చూశాడు. "ఈ20 పెట్రోల్ సార్, ఇరవై శాతం ఇథనాల్ కలిపింది, నీళ్లు దిగిపోయుంటాయి. ట్యాంక్ దింపి కడగాలి, ఇంజెక్టర్ క్లీన్ చెయ్యాలి, 1,800 అవుద్ది" అన్నాడు. పక్క ఫ్లాట్ బాబాయి గారేమో "ఉప్పు గాలికి కరెంటు సామాన్లు పోతాయి, ముందు బ్యాటరీ చూడు" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

గాజువాక 2012
మెకానిక్ మాటే. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు కాస్తే ఉంటే పెట్రోల్‌లో కలిసిపోతుంది, మోతాదు మించితే నీరూ ఇథనాలూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. పంపు లాగేది అడుగు నుంచే కదా! నాది 2012 కార్బొరేటర్ బండి. మొన్న వానల్లో ఇలాగే మొరాయించింది. కార్బొరేటర్ కింద డ్రెయిన్ స్క్రూ వదులు చేసి మూతలో పడితే, అడుగున నీటి బొట్లు గుండ్రంగా దొర్లుతూ కనిపించాయి. అయినా ఈ20కి తగ్గ రబ్బరు, ప్లాస్టిక్ సామాన్లతో బళ్లు రావడం ఏప్రిల్ 2023 నుంచి. నీది 2021. ఇంక చెప్పేదేముంది?

కంచరపాలెం రెంచి
అన్నా, నీ బండి సంగతి నిజమే కావచ్చు. కానీ ఆయన రాసింది ఇంకోసారి చదువు. సెల్ఫ్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదంటున్నారు. అసలు ఇంజన్ తిరగనే లేదు. ట్యాంకులో పెట్రోల్ ఉన్నా, నీళ్లున్నా, మజ్జిగ పోసినా సెల్ఫ్ మోటారు తిరగాలి కదా? తిరిగి అందుకోకపోతే అప్పుడు పెట్రోల్, ప్లగ్, ఇంజెక్టర్. తిరగనే తిరగకపోతే బ్యాటరీ, ఫ్యూజు, రిలే, స్విచ్‌లు. ఈ రెండూ వేరు చెయ్యకుండా ట్యాంక్ దింపడమంటే అత్త మీద కోపం దుత్త మీద చూపించడమే.

సార్, మీరు మూడు పనులు చెయ్యండి. తాళం తిప్పగానే సీటు కింద రెండు సెకన్లు "జూఁ" అని వినిపిస్తోందా? అది పెట్రోల్ పంపు. తర్వాత హారన్ కొట్టండి, గొంతు బొంగురుపోతే బ్యాటరీ నీరసపడినట్టే. ఎడమ బ్రేక్ పట్టి వెనక ఎర్ర లైట్ చూడండి. బ్రేక్ పట్టినట్టు స్విచ్ చెప్తేనే సెల్ఫ్ పనిచేస్తుంది. మన బీచ్‌రోడ్డు చుట్టుపక్కల బళ్లకి ఆ చిన్న స్విచ్‌లో ఆకుపచ్చ చిలుము పడుతుంది. లైట్ వెలగకపోతే కుడి బ్రేక్ పట్టి నొక్కండి.

పీఎం పాలెం టీచర్
సైడ్ స్టాండ్ తీశారా? నవ్వకండి. స్టాండ్ వేసి ఉంటే స్టార్ట్ కాని మోడల్స్ ఉన్నాయి. నేను స్కూల్ ముందు పావుగంట తంటాలు పడితే, ఎనిమిదో తరగతి పిల్లాడు వచ్చి "మేడమ్, స్టాండ్" అన్నాడు.

గాజువాక 2012
సెల్ఫ్ వదిలెయ్ తమ్ముడూ. కిక్‌కైనా అందుకోవాలి కదా? ముప్పై కిక్కులకి కూడా రాలేదంటే పెట్రోల్ కాక ఇంకేంటి?

కంచరపాలెం రెంచి
నీ బండికైతే ఆ లెక్క సరే. పాత కార్బొరేటర్ బళ్లు చాలావరకు బ్యాటరీ చచ్చినా కిక్‌కి అందుకుంటాయి. సార్‌ది ఇంజెక్షన్ బండి. అందులో పంపు ప్రెషర్ ఇవ్వాలన్నా, ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్ ఈసీయూ మేలుకోవాలన్నా కాస్తయినా ఓల్టేజీ ఉండాలి. అది లేకపోతే ముప్పై కాదు, మూడొందలు కొట్టినా కాళ్ల నొప్పులే.

లాసన్స్ బే వాసి
స్టాండ్ తీసే ఉంది మేడమ్. బాబాయి గారు షిప్‌యార్డులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైనవారు. మల్టీమీటర్ పట్టుకుని లుంగీలోనే కిందికి దిగారు. బ్యాటరీ 11.6 ఓల్టులు చూపించింది. నిండుగా ఉంటే 12.6 పైన ఉండాలట. ఎడమ బ్రేక్ పడితే వెనక లైట్ రాలేదు, కుడిది పడితే వచ్చింది. కుడి బ్రేక్ పట్టి నొక్కితే "టిక్" మని ఆగిపోయింది, మీటర్ 8కి పడిపోయింది. టెర్మినల్స్ మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది. ఉప్పు గాలి చేసిన పనికి ఉప్పు కాగితమే మందు అంటూ ఆయనే రుద్ది శుభ్రం చేశారు. రాత్రంతా ఛార్జింగ్ పెట్టించాను. పొద్దున 12.7 ఉంది, కుడి బ్రేక్ పట్టి నొక్కగానే అందుకుంది.

గాజువాక అన్న కోసం ఇంకో పని కూడా చేశాను. సన్న పైపుతో ట్యాంక్ అడుగు నుంచి గాజు సీసాలోకి పావు లీటరు లాగి, రాత్రంతా కదపకుండా ఉంచాను. పొర గిర ఏమీ కట్టలేదు, అంతా ఒకే రంగు.

గాజువాక 2012
సరే, ఈసారికి పెట్రోల్‌ని వదిలేస్తున్నా. అలాగని సముద్రం గాలి గెలిచిందని ఒప్పుకోను. 2021 బ్యాటరీ ఇన్నాళ్లు పనిచెయ్యడమే ఎక్కువ, హైదరాబాద్‌లో ఉన్నా పోయేది. పోతే, వానలో బంకు దగ్గర మూత తెరిచినప్పుడు గొడుగు అడ్డం పెట్టమని మాత్రం అందరికీ చెప్తాను.

కంచరపాలెం రెంచి
వయసు మాట ఒప్పుకుంటా. కానీ ఎడమ బ్రేక్ స్విచ్ సంగతేంటి? హైదరాబాద్ వెళ్లొచ్చిందా? సార్, ఒక్క ఛార్జింగ్‌తో సరిపెట్టకండి. నాలుగు రోజులు పొద్దున్నే మీటర్ పెట్టి చూడండి. ఓల్టేజీ మళ్లీ పడిపోతే కొత్త బ్యాటరీ కొనాల్సిందే.

పీఎం పాలెం టీచర్
అవన్నీ తర్వాత, ఆ పెట్రోల్ సీసా ఇంట్లో ఎక్కడ పెట్టారు?

లాసన్స్ బే వాసి
బాల్కనీలో, తులసికోట పక్కన. ఇప్పుడే తీసుకెళ్లి ట్యాంకులో పోసేస్తున్నాను మేడమ్.