అమెరికా రేడియో కేంద్రాల కాల్ సైన్‌లు, పేరున్న కంపెనీల బ్రాండ్లు: పోలిక ఎంతవరకు చెల్లుతుంది?

ధ్వనిప్రియ (ప్రశ్న)

అమెరికా రేడియో కేంద్రాల కాల్ సైన్‌లు (ప్రతి కేంద్రానికీ గుర్తింపుగా ఇచ్చే అక్షరాలు) మిసిసిపీ నదికి తూర్పున డబ్ల్యూతోనూ, పడమర కేతోనూ మొదలవుతాయనీ, పాత కేంద్రాలలో కొన్నింటికి మాత్రమే మినహాయింపు ఉందనీ చదివాను. ఆ జాబితాలు చూస్తున్నప్పుడు ఒక సందేహం కలిగింది. టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో 1970లలో కంట్రీ సంగీతానికి పేరు తెచ్చుకున్న ఒక ఎఫ్ఎం కేంద్రం కాల్ సైన్ కేఓకేఈ. ఆ నాలుగు అక్షరాలనూ కలిపి పలికితే లోకమంతా ఎరిగిన ఒక శీతల పానీయం ముద్దుపేరు వినిపిస్తుంది. ఇలాంటి అక్షరాలను ప్రభుత్వ సంస్థ ఎలా మంజూరు చేస్తుంది? మంజూరైన తరువాత కంపెనీ అభ్యంతరం చెబితే ఎవరి మాట నెగ్గుతుంది? కేంద్రాలు తగిలించుకునే నినాదాలకూ ఇవే నియమాలు వర్తిస్తాయా?

పాతతరంగం

చట్టం సంగతి తెలిసినవారు చెబుతారు. నేను చరిత్ర వైపు నుంచి ఒక మాట చెబుతాను. కాల్ సైన్‌లో కంపెనీ ఛాయ కనిపించగానే ఎవరో ఎవరి పేరునో కాజేశారని అనుకోనక్కర్లేదు, ఎందుకంటే తొలి దశాబ్దంలో చాలా కేంద్రాలను నడిపింది కంపెనీలే, అక్షరాలను ఏరికోరి తెచ్చుకున్నదీ అవే. షికాగోలో సియర్స్ రోబక్ అనే చిల్లర వర్తక సంస్థ 1924లో ప్రారంభించిన కేంద్రం డబ్ల్యూఎల్ఎస్, అంటే ‘వరల్డ్స్ లార్జెస్ట్ స్టోర్’. అదే ఊరిలో ట్రిబ్యూన్ పత్రిక తనను తాను ‘వరల్డ్స్ గ్రేటెస్ట్ న్యూస్‌పేపర్’ అని చెప్పుకునేది కనుక డబ్ల్యూజీఎన్ అన్న అక్షరాల కోసం పట్టుబట్టింది. అప్పటికి అవి గ్రేట్ లేక్స్‌లో తిరిగే ఒక సరుకుల ఓడ పేర ఉండగా, దాని యజమానులను ఒప్పించి తెచ్చుకున్నారు. నాష్‌విల్‌లో ఒక బీమా కంపెనీ 1925లో పెట్టిన డబ్ల్యూఎస్ఎం ‘వియ్ షీల్డ్ మిలియన్స్’ అన్న తన నినాదాన్నే అక్షరాలలో దాచుకుంది. ఆ కేంద్రం ప్రసారం చేసే కంట్రీ సంగీత కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఆప్రీ విన్నవారంతా తెలిసో తెలియకో ఆ బీమా ప్రకటనను కూడా విన్నట్టే లెక్క.

ఇందులో విశేషం ఏమిటంటే, కంపెనీ తప్పుకున్నా అక్షరాలు మిగిలిపోయాయి. సియర్స్ తన కేంద్రాన్ని 1928లోనే ఒక వ్యవసాయ పత్రికకు అమ్మేసింది. కాల్ సైన్ మాత్రం మారలేదు. మరొక రకం కూడా ఉంది. అట్లాంటాలోని డబ్ల్యూఎస్‌బీకి 1922లో అక్షరాలు ముందు వచ్చాయి, ‘వెల్కమ్ సౌత్, బ్రదర్’ అన్న అర్థం తరువాత పుట్టింది. కాబట్టి ఏ కాల్ సైన్‌కైనా వినిపించే వివరణను వెంటనే నమ్మేయకుండా, అక్షరాలు ముందా, నినాదం ముందా అని విచారించడం మంచిది.

న్యాయదృష్టి

ధ్వనిప్రియ గారి ప్రశ్నలో రెండు వేర్వేరు హక్కులు కలిసిపోయాయి. కాల్ సైన్‌ను మంజూరు చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ (ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్) చూసేది ఆ అక్షరాలు మరో కేంద్రం వద్ద ఉన్నాయా, నది నియమానికి లోబడి ఉన్నాయా వంటి విషయాలనే. ఒకప్పుడు ఒకే ప్రాంతంలోని రెండు కేంద్రాల కాల్ సైన్‌లు చెవికి ఒకేలా వినిపిస్తున్నాయన్న ఫిర్యాదులను కూడా ఆ సంస్థే విచారించేది గాని, 1980లలో ఆ బాధ్యత నుంచి తప్పుకుంది. కోరిన కాల్ సైన్‌పై అభ్యంతరాలను తాము స్వీకరించబోమనీ, ఎవరికైనా ప్రైవేటు చట్టం కింద హక్కులుంటే వాటిని వేరే వేదికలో నిరూపించుకోవచ్చుననీ ఇప్పటి నిబంధనలు చెబుతున్నాయి. అంటే లైసెన్సు చేతిలో ఉన్నంత మాత్రాన ట్రేడ్‌మార్క్ దావా నుంచి రక్షణ లభించదు.

ఇక కోర్టు చూసేది పోలికను కాదు, ఆ పోలిక వల్ల జనం పొరబడే అవకాశం ఉందా అన్నదాన్ని. మీరు ఎత్తిన ఉదాహరణకు పాత నేపథ్యం ఒకటి ఉంది. ‘కోక్’ను కే అక్షరంతో రాసి పానీయం అమ్మిన ఒక కంపెనీపై కోకా-కోలా వేసిన దావాలో 1920లో అమెరికా సుప్రీంకోర్టు కోకా-కోలా పక్షాన తీర్పు చెప్పింది. కోకా-కోలా అన్న పేరే వినియోగదారుని మోసగిస్తోంది కనుక దానికి రక్షణ ఇవ్వకూడదన్న ప్రతివాదుల వాదనను జస్టిస్ హోమ్స్ తోసిపుచ్చారు. ఆ పేరు జనంలో ఒకే చోటి నుంచి వచ్చే ఒకే వస్తువుగా స్థిరపడిపోయిందన్నది ఆయన తర్కం. అయితే అక్కడ ఇద్దరూ పానీయాల వ్యాపారులే. సంగీతం వినిపించే కేంద్రాన్ని ట్యూన్ చేసినవాడు తాను పానీయం కొంటున్నానని అనుకోడు కనుక, ఆ తీర్పును యథాతథంగా రేడియోకు అన్వయించలేము.

వ్యాపారాలు వేరైనా, ఇతరులు వాడటం వల్ల బ్రాండు పేరు ప్రత్యేకత పలచబడుతోందన్న వాదన మరొకటి ఉంది. న్యాయవాదులు వాడే లెక్సిస్ సమాచార సేవ యజమానులు లెక్సస్ కారు పేరును ఈ వాదనతోనే ఆపబోయి, కింది కోర్టులో గెలిచి, 1989లో అప్పీలు కోర్టులో ఓడిపోయారు. ఆ దావా న్యూయార్క్ రాష్ట్ర చట్టం కింద నడిచింది. తరువాత 1995లో ఫెడరల్ చట్టం వచ్చింది, 2006లో దాన్ని సవరించి, నష్టం జరిగిపోయిందని నిరూపించకపోయినా జరిగే అవకాశాన్ని చూపితే చాలునన్నారు. దేశమంతటా పేరున్న బ్రాండ్లకు మాత్రమే ఈ రక్షణ దక్కుతుంది గనుక, 1970లతో పోలిస్తే నేడు కొత్తగా అలాంటి కాల్ సైన్ ఎంచుకునే కేంద్రానికి చిక్కు ఎక్కువే.

సర్వేలోకం

న్యాయదృష్టి గారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, శ్రోతకు కాల్ సైన్ కంటే నినాదమే ముఖ్యమని గుర్తుచేయదలచాను. గంటకొకసారి, ఆ గంట మొదలయ్యే సమయానికి దగ్గరగా, కాల్ సైన్‌ను, దాని వెంటనే లైసెన్సులో ఉన్న ఊరి పేరును చెప్పి తీరాలి. ఆ రెంటి మధ్య ఫ్రీక్వెన్సీ, లైసెన్సుదారు పేరు వంటివి తప్ప నినాదాన్ని ఇరికించడానికి వీల్లేదు. ఈ తంతును చాలా కేంద్రాలు ఏదో గొణిగినట్టు రెండు క్షణాలలో ముగించి, మిగతా గంటంతా తమ ముద్దుపేరునే వల్లిస్తాయి.

కారణం శ్రోతల లెక్కింపులో ఉంది. ఆర్బిట్రాన్ సంస్థ దశాబ్దాల పాటు శ్రోతలకు డైరీలు పంపి, ఏ కేంద్రం విన్నారో రాయమనేది. ఆ సంస్థ 2013లో అదే పని చేసే నీల్సన్ సంస్థ చేతికి వచ్చింది. డైరీ నింపేవారు విన్నదాన్ని కాక గుర్తున్నదాన్ని రాస్తారు కనుక, ప్రతి కేంద్రమూ అప్పటికే జనం నోట నానిన మాటను పట్టుకోవాలని చూసేది. బ్రాండును తలపించే పేర్లు అందుకే పుట్టుకొచ్చాయని నా అభిప్రాయం. 2007 నుంచి పెద్ద నగరాలలో శ్రోత వెంట ఉండే చిన్న పరికరమే కేంద్రాన్ని గుర్తించడం మొదలుపెట్టాక ఈ ఒత్తిడి కొంత తగ్గి ఉండాలి. కానీ అలవాటు పోలేదు. లాస్ ఏంజిలిస్‌లోని కేఐఐఎస్‌ను ‘కిస్’ అని పలికించుకున్నారు; అసలైన కేఐఎస్ఎస్ అక్షరాలు శాన్ ఆంటోనియోలోని ఒక రాక్ సంగీత కేంద్రం దగ్గర ఉన్నాయి.

ధ్వనిప్రియ

అందరికీ కృతజ్ఞతలు. ఒక్క విషయం మిగిలింది: చిన్న కేంద్రం ముందు నుంచి వాడుతున్న గుర్తునో, పేరునో పెద్ద సంస్థ తరువాత వచ్చి కోరుకుంటే ఏమవుతుంది?

న్యాయదృష్టి

అది బేరంతో తేలుతుంది, అందులో చిన్నవారిదే పైచేయి కావచ్చు. 1976 ఆరంభంలో అమెరికా టెలివిజన్ సంస్థ ఎన్‌బీసీ తన కొత్త చిహ్నంగా కోణాలతో కూడిన ఎన్ అక్షరాన్ని ఆడంబరంగా ప్రకటించింది. దాదాపు అలాంటి అక్షరాన్నే నెబ్రాస్కా విద్యా టెలివిజన్ వంద డాలర్లకు మించని ఖర్చుతో గీయించుకుని అప్పటికే వాడుతోంది. దావా పడిన తరువాత ఎన్‌బీసీ 8 లక్షల డాలర్లకు పైగా విలువైన ప్రసార పరికరాలతో పాటు, నెబ్రాస్కావారు కొత్త చిహ్నం గీయించుకోవడానికి 55,000 డాలర్ల నగదు ఇచ్చి రాజీపడింది. ఇది టెలివిజన్ ఉదంతమే అయినా సూత్రం అదే.

పాతతరంగం

కాల్ సైన్‌కే సంబంధించిన ఉదంతం కావాలంటే డబ్ల్యూటీబీఎస్ ఉంది. ఎంఐటీ విద్యార్థుల రేడియో కేంద్రం ‘టెక్నాలజీ బ్రాడ్‌కాస్టింగ్ సిస్టమ్’ అన్న అర్థంలో ఆ అక్షరాలను వాడుకునేది. టర్నర్ బ్రాడ్‌కాస్టింగ్ సిస్టమ్ అధినేత టెడ్ టర్నర్‌కు అట్లాంటాలోని తన టెలివిజన్ కేంద్రానికి సరిగ్గా అవే కావలసివచ్చాయి. కాల్ సైన్‌ను వస్తువులా అమ్ముకునే వీలు లేనందున, ఆయన విద్యార్థుల కేంద్రానికి 50,000 డాలర్లు విరాళంగా ఇచ్చే ఏర్పాటు జరిగింది, వారు ఆ అక్షరాలను వదులుకున్నారు. 1979 నుంచి ఆ విద్యార్థుల కేంద్రం డబ్ల్యూఎంబీఆర్. వాకర్ మెమోరియల్ భవనం నేలమాళిగలో ఉంటుంది కనుక ‘వాకర్ మెమోరియల్ బేస్‌మెంట్ రేడియో’ అన్నమాట. ఈసారి ఎవరి బ్రాండుతోనూ పేచీ వచ్చే ప్రమాదం లేదు.