అవాంతరం అంటే కష్టమా, కాదా?

కూకట్‌పల్లి వాసి:
మా అపార్ట్‌మెంటు లిఫ్టు పాడైంది. కావలసిన పార్టు దొరకలేదు. సెక్రటరీగా నేను "మరమ్మతులో అనుకోని అవాంతరం వచ్చింది, మరో వారం ఓపిక పట్టండి" అని నోటీసు అంటించాను. సాయంత్రానికల్లా ఎవరో 'అవాంతరం' మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టి, పైన 'అంతరాయం' అని రాశారు. కింద "అవాంతరం అంటే కష్టం కాదు" అని ఒక ముక్క. మరి ఏమిటి? ఈ మాట ఎక్కడిది? తెలిసినవాళ్లు చెప్పండి.

విశ్రాంత పంతులు:
దిద్దినవారెవరో చదువుకున్నవారు. సంస్కృతంలో అవాంతరం అంటే నడుమ ఉన్నది, లేదా పెద్దదాని లోపల ఇమిడిన చిన్నది. అవ + అంతర, సవర్ణదీర్ఘ సంధి. తూర్పుకీ దక్షిణానికీ మధ్య ఉన్న ఆగ్నేయం అవాంతర దిక్కు. వేదవాక్యాలకు అర్థం తేల్చే మీమాంస శాస్త్రంలో పెద్ద సందర్భం మహాప్రకరణం, దాని లోపలి చిన్నది అవాంతర ప్రకరణం. వేదాంతంలో 'తత్త్వమసి' లాంటి మహావాక్యాలు, వాటికి తోడు అవాంతర వాక్యాలు. వీటిలో కష్టం ఎక్కడుంది?

సుధ, ఎల్బీనగర్:
'అవ' అంటేనే చెడు కదండీ. అవమానం, అవలక్షణం, అవహేళన. అలా వచ్చి ఉంటుంది.

విశ్రాంత పంతులు:
అవకాశం చెడ్డదా? అవగాహన? అవతారం?

సుధ, ఎల్బీనగర్:
మీరు మంచివి ఏరి చెప్తున్నారు.

విశ్రాంత పంతులు:
మీరు చెడ్డవి ఏరారు కాబట్టి చెప్పాను. మాట ముందు చేరే ఇలాంటి ఉపసర్గకు ఒకటే అర్థం అంటగడితే ఎలాగమ్మా?

కూకట్‌పల్లి వాసి:
'అవ' సంగతి అలా ఉంచి, నా నోటీసు తప్పా ఒప్పా చెప్పండి.

నాంపల్లి నర్సన్న:
తప్పేం లేదు. పంతులు సార్ చెప్పిన 'నడుమ' అనే అర్థంలోనే జవాబు ఉంది. అంతరాయం కూడా 'అంతర్' నుంచి వచ్చిందే, నడుమ వచ్చిపడేది అని. పతంజలి యోగసూత్రాల్లో రోగం, సోమరితనం, సందేహం లాంటి తొమ్మిదింటిని అంతరాయాలనే అన్నారు. సాగే పనికి నడుమ వచ్చింది కాబట్టి అడ్డంకి అయింది. అవాంతరం కూడా అదే బాటలో నడిచి ఉంటుందని నా నమ్మకం. అభ్యంతరం చూడండి. సంస్కృతంలో 'లోపలిది', మనకేమో 'ఒప్పుకోను'. అవసరం అక్కడ సందర్భం, అదను. ఇక్కడ కావలసినది. "నాకు డబ్బు అవసరం" అన్నవాణ్ని ఎవరైనా దిద్దుతారా?

పైగా రెండూ ఒకటి కావు. కరెంటు పోతే అంతరాయం, మళ్లీ వస్తే తీరిపోయింది. దూరదర్శన్‌లో బొమ్మ ఆగినప్పుడు "అంతరాయానికి చింతిస్తున్నాము" అనేవాళ్లు, అది సరైన మాట. పార్టు దొరక్కపోవడం అవాంతరం. అందులో 'అనుకోలేదు' అన్నది కూడా ఉంది.

బెంగళూరు తెలుగు:
కన్నడంలోనూ కష్టమే. ఇక్కడ వాన దంచికొడితే పేపర్లో "మళె అవాంతర" అని హెడ్డింగు. మరాఠీవాళ్లు మాత్రం పాఠ్యపుస్తకాలు కాక పిల్లలు చదివే వాటిని "అవాంతర్ వాచన్" అంటారు, అక్కడ కష్టం లేదు.

విశ్రాంత పంతులు:
వాడుకలో ఉన్నంత మాత్రాన ఒప్పు అయిపోతుందా? అలాగైతే ఇక నిఘంటువులెందుకు, మేమెందుకు?

నాంపల్లి నర్సన్న:
వాడేవాళ్లందరికీ ఒకే అర్థం తోస్తుంటే అదే ఒప్పు సార్. నిఘంటువు ఆ వాడుకను రాసిపెట్టుకోవాలి. ఎర్ర పెన్ను పట్టుకుని ఊరి మీద పడకూడదు.

విశ్రాంత పంతులు:
ఎర్ర పెన్ను అంటే అంత కంటగింపా? ఆ పెన్నే మీకు అక్షరం నేర్పింది.

నాంపల్లి నర్సన్న:
నేర్పిందేమిటో చెప్తా. బడిలో వ్యాసంలో "వాన పడితే మా గల్లీ అంతా పరేషాన్" అని రాసిన. సార్ నన్ను నిలబెట్టి, క్లాసు మొత్తానికి చదివి వినిపించి, "ఇది తెలుగా?" అని అడిగిండు. అందరూ నవ్విండ్రు. మార్కులు కోసిండు. మా అమ్మ పొద్దున లేస్తే వాడే మాట అది. ఫారసీలో పరేషాన్ అంటే చెదిరినది, ఉర్దూ కవులు చెదిరిన జుట్టుకూ అదే అంటారు. మా నోట మనసు చెదరడం అయింది. రాజీనామా ఫారసీలో ఒప్పుదల పత్రం, తెలుగులో ఉద్యోగం వదిలే కాగితం. దాన్ని ఏ సారూ కొట్టెయ్యలేదు. సంస్కృతం మాట అర్థం మారితే చర్చ పెడతారు, మా ఇంటి మాటనైతే అడగకుండా కొట్టేస్తారు. నా బాధ అది.

సుధ, ఎల్బీనగర్:
మా క్లాసులో తక్లీఫ్‌కి ఇదే జరిగింది.

విశ్రాంత పంతులు:
అలా నవ్వించడం తప్పు. ఆ మాస్టారి తరఫున నేను వాదించను. కానీ నా బాధ వేరే. డిగ్రీ చదివే పిల్లవాడు వ్యాకరణ పుస్తకంలో "సమాసాలలో అవాంతర భేదాలు" అన్న చోట ఆగి, "ఇబ్బంది పెట్టే తేడాలు" అని అర్థం చెప్పాడు. అక్కడున్నది లోపలి రకాలు అని. పేజీ అంతా తలకిందులైంది. కొత్త అర్థమే మిగిలితే పాత పుస్తకాలు చదివేదెవరు? నేను కాపాడాలనుకునేది ఆ చదువును, నా పెద్దరికాన్ని కాదు.

బెంగళూరు తెలుగు:
ఇది ముందే అని ఉంటే ఇంత వేడి ఉండేది కాదు.

నాంపల్లి నర్సన్న:
పాత అర్థం నేర్పండి సార్, నేనూ వచ్చి కూర్చుంటా. "భేదం పక్కన వస్తే ఇది, పని మధ్యలో వస్తే అది" అని రెండూ బోర్డు మీద రాయండి. నేర్పడానికి మార్కులు కొయ్యాల్సిన పని లేదు.

విశ్రాంత పంతులు:
రెండూ రాస్తాను. నోటీసులో వాడుకను ఇక దిద్దను. వ్యాకరణం పేపర్లో మాత్రం అవాంతర భేదాన్ని కష్టం అని రాస్తే మార్కు తీసేస్తాను, అక్కడ తగ్గేది లేదు.

నాంపల్లి నర్సన్న:
మరి వ్యాసంలో పరేషాన్?