‘రెట్టింపు శబ్దం’ అనవచ్చా? బిగ్గర, తీవ్రత, స్థాయి: ఏది ఎక్కడ?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను ప్రూఫులు దిద్దే పనిలో ఉన్నాను. నిన్న నా ముందుకొచ్చిన ఒక వార్తలో ఇలా ఉంది: ‘నివాస ప్రాంతంలో రాత్రిపూట 45 డెసిబెల్స్ మించకూడదు. ఊరేగింపు దగ్గర 90 డెసిబెల్స్ నమోదైంది. అంటే శబ్దం రెట్టింపు స్థాయికి చేరింది.’ 45కు రెట్టింపు 90 కదా, తప్పేముందని వదిలేయబోయి ఆగాను. ‘రెట్టింపు’ ఇక్కడ నప్పుతుందా? పైగా ఇక్కడ ‘స్థాయి’ అన్నారు, కిందికి వెళ్తే అదే విషయాన్ని ‘తీవ్రత’ అన్నారు. ఇంగ్లీషువాళ్లు లౌడ్‌నెస్ అనేదానికి మన మాట ఏది?

జవాబు, ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు:

అమ్మా, మీరు ఆగడమే మంచిదైంది. ఆ వాక్యంలో లెక్కా తప్పే, మాటా తప్పే.

డెసిబెల్ కిలో లాంటిదో లీటరు లాంటిదో కాదు. అది ఎన్ని రెట్లో చెప్పే కొలత. 1920లలో అమెరికాలోని బెల్ టెలిఫోన్ సంస్థ ఇంజినీర్లు, తీగ వెంట పోయేకొద్దీ మాట ఎంత సన్నగిల్లుతోందో లెక్కగట్టడానికి దీన్ని తెచ్చారు. అంతకుముందు ‘ఇన్ని మైళ్ల కేబుల్ అంత నష్టం’ అని చెప్పుకునేవారు. గ్రాహంబెల్ పేరు మీద బెల్, అందులో పదోవంతు డెసిబెల్. 10 డెసిబెల్స్ పెరిగితే తీవ్రత 10 రెట్లు. 20 పెరిగితే 100 రెట్లు. 30 పెరిగితే 1000 రెట్లు. 45 నుంచి 90కి పోతే సుమారు 31,600 రెట్లు! దాన్ని ‘రెట్టింపు’ అని రాస్తే ఆ వీధిలో నిద్రపట్టక అల్లాడినవాళ్లకు అన్యాయం చేసినట్టే. తీవ్రత నిజంగా రెట్టింపయితే శబ్దాన్ని కొలిచే మీటరులో పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే.

సున్నా డెసిబెల్ అన్నా నిశ్శబ్దం కాదు. మనిషి చెవి పట్టుకోగల అతి చిన్న సద్దుకు దగ్గరగా ఎంచుకున్న హద్దు అది. పీడనంలో చెబితే 20 మైక్రోపాస్కల్స్. మన చుట్టూ ఉన్న గాలి పీడనంలో అది 500 కోట్ల వంతు. ‘చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది’ అంటామే, ఆ మాట నాకు ఇక్కడే గుర్తొస్తుంది. అంత చిన్న ధ్వనికి గాలి ముందుకూ వెనక్కూ కదిలే దూరం హైడ్రోజన్ పరమాణువు అడ్డుకొలతలో పదోవంతు. అంత కదలికను మన చెవి పసిగడుతుంది. ఎన్నేళ్లు పాఠం చెప్పినా ఈ సంగతి దగ్గరకు రాగానే నా గొంతు మారేది.

ఇక మాట. అల అనగానే మనకు సముద్రం కళ్లముందుకొస్తుంది, పైకి లేచి కిందికి పడుతుంది. ధ్వని తరంగం అలా పోదు. గాలి ఒకచోట ఒత్తుకుంటుంది, పక్కనే పలచబడుతుంది. పాఠ్యపుస్తకంలో వీటినే సంపీడనం, విరళీకరణం అన్నాం. ఆ ఒత్తిడి హెచ్చుతగ్గులే ముందుకు సాగుతాయి, గాలి మాత్రం ఉన్నచోటే ఊగుతుంది. ఒత్తుకోవడం ఎంత బిగుతుగా ఉంటే ధ్వని అంత పెద్దది. తెలుగువాడు ‘గట్టిగా చెప్పు’, ‘బిగ్గరగా చదువు’ అంటాడు. గట్టిదనం, బిగువు! ఈ రెండు మాటలూ పలికినప్పుడల్లా ఒత్తుకున్న గాలే నాకు కనిపిస్తుంది.

అందుకే నా సూచన ఇది. మీటరు కొలిచేదాన్ని ‘తీవ్రత’ అందాం. చెవికి తోచేదాన్ని ‘బిగ్గరతనం’ అందాం. రెండూ ఒకటి కావు. తీవ్రత 10 రెట్లయితే చెవికి సుమారు రెండింతలు బిగ్గరగా తోస్తుంది. ఆ లెక్కన 45 నుంచి 90కి వెళ్తే చెవికి తోచే తేడా ఇరవై రెట్ల పైమాట.

సంగీతం నేర్పే ఒక సభ్యురాలు:

మాస్టారూ, ‘స్థాయి’ గురించి నేనొక మాట చెప్పాలి. మాకు మంద్రస్థాయి, మధ్యస్థాయి, తారస్థాయి అంటే బిగ్గరతనం కాదు, శ్రుతి, అంటే స్వరం ఎంత కింద ఉందో ఎంత పైన ఉందో. తారస్థాయిలో మెత్తగా పాడవచ్చు, మంద్రంలో గట్టిగా పాడవచ్చు. పేపర్లలో ‘తారస్థాయికి చేరిన మోత’ అని చదివినప్పుడల్లా నాకు కలుక్కుమంటుంది. పిల్లలకు ‘గొంతెత్తి పాడండి’ అంటే సగం మంది శ్రుతి పెంచేస్తారు.

మీరు చెప్పిన రెట్ల లెక్క మాత్రం మాకు కొత్త కాదు. మంద్రషడ్జం (కింది ‘స’) నుంచి మధ్యషడ్జానికి కంపనాలు రెట్టింపు. అక్కడి నుంచి తారషడ్జానికి మళ్లీ రెట్టింపు. చెవికి మాత్రం రెండూ సమానమైన మెట్లే. డెసిబెల్ కూడా అలాంటి నిచ్చెనే అన్నమాట.

మాస్టారు:

అంతేనమ్మా. నేను బల్ల మీద అంకెలు వేసి గంటసేపు చెప్పిందాన్ని మీరు రెండు షడ్జాలతో చెప్పేశారు.

మైక్‌సెట్ నడిపే ఒక సభ్యుడు:

సార్, నమస్తే. మా దిక్కు ‘సౌండ్ పెంచు’ అంటరు గని తీవ్రత, బిగ్గరతనం అని ఎవ్వరనరు. రెండు బాక్సులున్నకాడ ఇంకో రెండు పెడితె సౌండ్ డబుల్ అయితదని పెండ్లోల్లు అనుకుంటరు. పెట్టినంక జరంత పెరిగినట్టు కొడ్తది, గంతే. మీరు చెప్పిన 3 ఇదేనా? ఇంకోటి. పోలీసులు మీటర్ పట్టుకొస్తరు. బేస్‌కు కిటికీలు వణుకుతుంటె మీటర్ల తక్కువే చూపిస్తది. హారన్ జర పెంచితె మాత్రం అంకె ఎగిరి దుంకుతది. గదెందుకు?

మాస్టారు:

అవును తమ్ముడూ, మీరు చూసింది ఆ 3 డెసిబెల్సే. అనుభవంతో తెలిసినదాని ముందు పుస్తకం చిన్నదే.

రెండో ప్రశ్నకు జవాబు మన చెవిలో ఉంది. అది అన్ని కంపనాలనూ ఒకేలా వినదు. సెకనుకు 2000 నుంచి 5000 కంపనాల దగ్గర దానికి చురుకు ఎక్కువ, మంద్రంలో మొద్దు. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు ఇది కొలిచి గీతలు గీశారు. 1000 హెర్ట్జ్ (సెకనుకు 1000 కంపనాలు) దగ్గర 40 డెసిబెల్స్ ధ్వని ఎంత బిగ్గరగా ఉంటుందో, 100 హెర్ట్జ్ దగ్గర అంతే బిగ్గరగా తోచాలంటే 60 దాటాలి. మీటరులో ‘ఏ’ అనే అమరిక చెవిని అనుకరించి, మంద్రధ్వనులను తగ్గించి చూపుతుంది: 100 హెర్ట్జ్ దగ్గర 19, 50 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్స్ దాకా. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల్లో నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 అన్నది ఈ ‘ఏ’ లెక్కలోనే. మీ హారన్ మోత చెవికి చురుకెక్కువున్న చోట పడుతుంది కాబట్టి అంకె ఎగురుతుంది. గుండెల్లో దడదడమనే బేస్ ఆ అంకెలో సగం కనపడకుండా పోతుంది. నాకు ఇది న్యాయంగా అనిపించదు. గోడ అవతల ఉన్న ముసలివాళ్లకు గోడ దాటి వచ్చేది ఆ దడే.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:

అందరికీ ధన్యవాదాలు. ఒక చిక్కు మాత్రం మిగిలింది. గట్టిగాకు ఎదురుమాటగా ‘మెల్లగా’ అంటాం, అది వేగానికీ పడుతుంది. ‘మెల్లగా మాట్లాడు’ అంటే మా అబ్బాయి ఆగి ఆగి మాట్లాడతాడు, అదే గొంతుతో!

సంగీతం నేర్పే సభ్యురాలు:

మా క్లాసులో ‘గొంతు తగ్గించి’ అంటాను. అప్పుడైతే తికమక లేదు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:

వార్తను ఇలా దిద్ది పంపాను: ‘రాత్రిపూట పరిమితి 45 డెసిబెల్స్ కాగా ఊరేగింపు దగ్గర 90 నమోదైంది. అంటే అనుమతించిన దానికన్నా సుమారు 31,600 రెట్ల తీవ్రత. చెవికి ఇరవై రెట్లకు పైగా బిగ్గరగా తోచే మోత.’ ‘బిగ్గరతనం’ అని రాస్తే డెస్కులో కొట్టేస్తారేమోనని ‘బిగ్గరగా’ అన్నాను. ‘స్థాయి’ ఎక్కడా లేదు.