మూడు రోజుల సైకిల్ రైడ్: కొండ, సముద్రతీరం రెండూ ఉన్న దారి ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ప్రశ్న

నమస్కారమండీ. మేం ఐదుగురు స్నేహితులం. వచ్చే లాంగ్ వీకెండ్‌కి మూడు రోజులు రోడ్డు సైకిళ్ల మీద వెళ్దామనుకుంటున్నాం. మొదటి రోజు కొండ ఎక్కడం, రెండో రోజు అవతలి వైపు దిగి సముద్రం ఒడ్డుకు చేరడం, మూడో రోజు ఒడ్డు వెంట ఉన్న రోడ్డు మీద తిరిగి రావడం మా ప్లాన్. ఇద్దరు గట్టిగా తొక్కుతారు. నేను, ఇంకొకతను చదునైన రోడ్డు మీద 70 కిలోమీటర్ల దాకా ఇబ్బంది లేకుండా వెళ్తాం. ఐదో ఆమె ఈ మధ్యే మొదలుపెట్టింది. రోజుకు 120 కిలోమీటర్లు తేలిగ్గా అయిపోతాయని గట్టివాళ్లిద్దరూ అంటున్నారు. కొండ రోడ్డు మీద అది సాధ్యమేనా? ఒక్కొక్కరిది ఒక్కో వేగం అయినప్పుడు గుంపుగా ఎలా వెళ్లాలి? దిగుడు రోడ్డంటే నాకు చాలా టెన్షన్, దాని గురించి కూడా చెప్పండి.

జవాబు

ముందు కిలోమీటర్లు పక్కన పెట్టి ఎత్తు చూడండి. దారిని ఏ రూట్ యాప్‌లో గీసినా మొత్తం ఎన్ని మీటర్లు ఎక్కాలో చూపిస్తుంది. రోజు ఎలా గడుస్తుందో తేల్చేది ఆ అంకె. 5 శాతం వాలు అంటే 100 మీటర్లు ముందుకు వెళ్తే 5 మీటర్లు పైకి వెళ్లడం. అలాంటి రోడ్డు 10 కిలోమీటర్లు ఉంటే 500 మీటర్ల ఎత్తు. ఓ మోస్తరుగా తొక్కేవాళ్లకు దానికి గంట పడుతుంది, కొత్తవాళ్లకు గంటన్నర కూడా పట్టొచ్చు. అదే 10 కిలోమీటర్లు చదునైన రోడ్డు మీద పాతిక నిమిషాల పని.

మీ గుంపుకి నా లెక్క ఇది: కొండ రోజు 60-70 కిలోమీటర్లు, 1000 మీటర్లకు మించని ఎక్కుడు. ఒడ్డు వెంట వెళ్లే రోజు 90 దాకా పెట్టుకోవచ్చు. తొక్కే సమయానికి ఇంకో మూడో వంతు కలపండి. నీళ్లకు, పంక్చర్లకు, ఫొటోలకు, ఊరికే చూస్తూ నిలబడటానికి ఆ సమయం పోతుంది, పోవాలి కూడా. చూడటానికే కదా వెళ్తున్నారు. సగటు వేగం తక్కువగా కనిపిస్తోందని మీవాళ్లు అంటే ఒక సంగతి చెప్పండి. దూరప్రయాణపు సైక్లిస్టులు చేసే 200 కిలోమీటర్ల బీఆర్‌ఎం రైడ్‌కి (గడువులోపు పూర్తి చేయాల్సిన రైడ్ అది) గడువు 13 గంటల 30 నిమిషాలు. ఆగిన సమయంతో కలిపి గంటకు 15 కిలోమీటర్ల లోపే వెళ్లినా ఆ రైడ్ పూర్తి చేసినట్టే.

ఇక వేగం తేడా. చదునులో, ఎక్కుడులో పద్ధతి వేరు. చదునులో అందరూ కలిసి వెళ్లండి, వేగాన్ని వెనకున్న మనిషిని బట్టి పెట్టుకోండి. ముందు మనిషి చాటున వెళ్తే గాలి ఒత్తిడి తగ్గి శ్రమ దాదాపు పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఆదా అవుతుంది. అందుకే గట్టివాళ్లిద్దరూ ముందుండి గాలి కాయాలి. ఎక్కుడులో వేగం తక్కువ కాబట్టి ఆ చాటు లాభం దాదాపు ఉండదు. అక్కడ ఎవరి వేగంలో వాళ్లు ఎక్కాలి, పైన కలుసుకోవాలి. పక్కవాళ్ల వేగానికి తగ్గట్టు ఎక్కబోతే మొదటి రెండు కిలోమీటర్లలోనే పిక్కలు పట్టేస్తాయి.

నేను అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకోమనేది పైన ఎదురుచూసే పద్ధతిని. ముందెళ్లినవాళ్లు పైకి చేరి పావుగంట కూర్చుంటారు. చివరి మనిషి ఆయాసపడుతూ రాగానే "సరే, పదండి" అని లేస్తారు. ఎక్కువ అలసినవాళ్లకు విశ్రాంతే దొరకదు, అప్పటికే కోలుకున్నవాళ్లు మళ్లీ ముందుకు పోతారు. రోజంతా ఇలా జరిగితే సాయంత్రానికి ఆ చివరి మనిషి పూర్తిగా కూలబడిపోతారు, ఇంకోసారి రమ్మన్నా రారు. చివరి మనిషి వచ్చి, సైకిల్ ఆనించి, నీళ్లు తాగి, ఏదో ఒకటి తిని, "ఇక వెళ్దాం" అని తనే చెప్పాలి. అప్పుడే కదలండి. ఈ నియమాన్ని బయలుదేరే ముందే అందరి ఎదుటా అనుకోండి, అప్పుడు కొత్తగా వచ్చిన ఆమెకు అడగడానికి మొహమాటం ఉండదు. దారి చీలే చోట మాత్రం ఎక్కుడు మధ్యలోనైనా సరే ఒకరు ఆగి ఉండాలి.

ఇంకో జవాబు

అన్న చెప్పినదానికి గేర్ల సంగతి కలుపుతాను. ఐదుగురి సైకిళ్ల వెనక క్యాసెట్‌లో (వెనక చక్రానికి ఉండే పళ్లచక్రాల గుత్తి) అన్నిటికంటే పెద్ద పళ్లచక్రం చూడండి. ముందు పెడళ్ల దగ్గరుండే చిన్న పళ్లచక్రం (చైన్‌రింగ్) 34 పళ్లు, వెనక పెద్దది 28 పళ్లు అయితే పెడల్ ఒక చుట్టు తిప్పితే సైకిల్ దాదాపు 2.5 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తిప్పాలంటే గంటకు 9 కిలోమీటర్ల వేగం ఉండాలి. 8 శాతం వాలు మీద కొత్తవాళ్లు అంత వేగం నిలబెట్టలేరు. చుట్లు తగ్గిపోయి, మోకాళ్ల మీద భారం వేసి తొక్కాల్సివస్తుంది. వెనక 34 పళ్లు ఉంటే అదే 60 చుట్లకు ఏడున్నర కిలోమీటర్ల వేగం చాలు. క్యాసెట్ మార్చేముందు మీ వెనక డెరైలర్ (చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకు జరిపే భాగం) అంత పెద్ద చక్రాన్ని తీసుకుంటుందో లేదో మెకానిక్‌ని అడగండి, చైన్ పొడవు కూడా మార్చాల్సి రావచ్చు. ఈ పనిని బయలుదేరే ముందు రోజు కాకుండా కనీసం వారం ముందు చేయించుకుని ఒకసారి తొక్కి చూడండి.

దిగుడు గురించి, భయపడేవారికి

మీ భయం సరైనదే అండీ. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది, ఏ సైకిల్‌కైనా ఇంతే. కాబట్టి మెల్లగా దిగండి, ఎవరి వెనకా అంటుకుని దిగకండి. ఎక్కుడులో లాగే దిగుడులో కూడా ఎవరి దారి వాళ్లదే, కింద కలుసుకుంటారు.

చేతులు హ్యాండిల్ కింది వంపులో పెట్టండి. అక్కడినుంచి బ్రేకు లివర్ మీద పట్టు ఎక్కువ, గతుకు తగిలినా చెయ్యి జారదు. మలుపు రాకముందే, సైకిల్ నిటారుగా ఉండగానే వేగం తగ్గించుకోండి. మలుపులోకి వంగాక బ్రేకు వదిలేయాలి. బయటివైపు పెడల్ కింద ఉంచి దాని మీద బరువు వేయండి. కళ్లు మాత్రం చక్రం ముందున్న గుంత మీద కాదు, మలుపు ముగిసే చోట ఉండాలి. గుంతను చూస్తూ ఉంటే అందులోకే పోతాం.

అన్నిటికంటే పెద్ద పొరపాటు బ్రేకు వదలకుండా కొద్దికొద్దిగా నొక్కే ఉంచడం. రిమ్ బ్రేకులైతే (చక్రం అంచుని పట్టి ఆపేవి) రిమ్ బాగా వేడెక్కుతుంది, లోపలి గాలి వేడెక్కి ట్యూబ్ పేలొచ్చు. కార్బన్ రిమ్‌లకు ఇది ఇంకా ప్రమాదం. డిస్క్ బ్రేకులైనా వేడెక్కితే పట్టు తగ్గుతుంది. కాసేపు గట్టిగా వేయండి, పూర్తిగా వదలండి, మళ్లీ వేయండి. వేళ్లు నొప్పెట్టినా, భయం ఎక్కువైనా పక్కకు ఆగి ఐదు నిమిషాలు నిలబడండి. ఆగాక డిస్క్‌ని చేత్తో ముట్టుకోవద్దు, చర్మం కాలుతుంది.

దిగేముందు గాలి ఆపే పలచని జాకెట్ వేసుకోవడం మర్చిపోకండి. ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు సుమారు 6 డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. ఎక్కినప్పటి చెమట ఒంటిమీద ఉండగానే దిగితే వేళ్లు కొంకర్లు పోయి బ్రేకు వేయడమే కష్టమవుతుంది.

అడిగినవారు

చాలా థాంక్సండీ. బ్రేకు వదలకుండా దిగడం నా అలవాటే, ఇప్పుడర్థమైంది. ఇంకో రెండు సందేహాలు. ఒడ్డు వెంట వచ్చే రోజు గాలి ఎటు ఉంటుంది? తినడం, తాగడం ఎంత?

జవాబు

పగలు నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది కాబట్టి గాలి నీటి మీదనుంచి నేల వైపుకి వీస్తుంది. మామూలుగా ఉదయం సగం గడిచాక మొదలై మధ్యాహ్నం తర్వాత బలంగా ఉంటుంది, రాత్రికి తిరగబడుతుంది. అంటే ఒడ్డు వెంట రోడ్డు మీద అది ఎదురుగాలి కంటే పక్కగాలిగానే ఎక్కువ తగులుతుంది. కొండ చాటు నుంచి బయటపడ్డ చోట, పెద్ద వాహనం దాటిపోయిన క్షణంలో సైకిల్ పక్కకు లాగేస్తుంది. లోతైన రిమ్‌లు ఉన్న చక్రాలైతే ఇంకా ఎక్కువ. హ్యాండిల్ బిగబట్టకుండా, మోచేతులు కాస్త వంచి పెట్టుకోండి. పక్కగాలిలో చాటు కావాలంటే ఒకరి వెనక ఒకరు కాకుండా ఏటవాలు వరుసలో వెళ్లాలి, దానికి రోడ్డు వెడల్పంతా పడుతుంది. వాహనాలు తిరిగే రోడ్డు మీద అది వద్దు. తెల్లవారగానే బయలుదేరి, గాలి పెరిగేలోపు ఎక్కువ దూరం దాటేయడమే మంచి దారి. కొండల్లో కూడా మధ్యాహ్నం తర్వాతే మబ్బులు పట్టి ఉరుముల వానలు పడేది ఎక్కువ. అందుకని మూడు రోజులూ పెందలాడే లేవాల్సిందే. ఒడ్డు రోడ్డు మలుపుల్లో ఇసుక పేరుకుని ఉంటుంది, అక్కడ వంగకండి.

తిండి విషయంలో ఆకలి వేసేదాకా ఆగొద్దు. గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ లెక్కపెట్టుకోండి. మధ్యస్థం సైజు అరటిపండులో సుమారు 27 గ్రాములు ఉంటుంది. మొదటి గంటనుంచే కొద్దికొద్దిగా తినండి. నీళ్లు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు, ఎండ బట్టి ఇంకొంచెం. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి రోజంతా మామూలు నీళ్లే ఎక్కువగా తాగడం మంచిది కాదు. ఒక సీసాలో ఎలక్ట్రోలైట్ (ఉప్పు, లవణాల పొడి) కలుపుకోండి. తలనొప్పి, వికారం, తికమక మొదలైతే ఆపేయాలి, నీడలో కూర్చోబెట్టాలి, తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

మరొకరు

రిపేరు సామాను గురించి ఎవరూ చెప్పలేదు. మనిషికి రెండు ట్యూబులు, టైర్ లివర్లు, గుంపుకు రెండు పంపులు, చైన్ కట్టర్, ఎవరి చైన్‌కి తగిన క్విక్ లింక్ (తెగిన చైన్‌ని కలిపే ముక్క) వాళ్ల దగ్గర. డెరైలర్ హ్యాంగర్ (డెరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే ముక్క) ఒక్కో సైకిల్ మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది, అది విరిగితే పక్కవాళ్లది పనికి రాదు. అందుకే ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి.

పంక్చర్ అయితే కొత్త ట్యూబ్ పెట్టడానికి తొందరపడొద్దు. పాత ట్యూబ్‌లో గాలి నింపి చిల్లి ఎక్కడుందో చూసి, ట్యూబ్‌ని టైరు పక్కన పెట్టి, అదే చోట టైరు లోపల వేలితో మెల్లగా తడమండి. సన్నటి తీగముక్క ఒకటి కనబడకుండా దిగి ఉంటుంది. దాన్ని తీయకుండా కొత్త ట్యూబ్ వేస్తే పదినిమిషాల్లో మళ్లీ గాలి పోతుంది. ఇంటి దగ్గరే చేతులు అలవాటయ్యేలా ఒకసారి ఐదుగురూ చేసి చూసుకోండి.

అడిగినవారు

ఆఖరి ప్రశ్న. ఉప్పుగాలికి సైకిల్ పాడవుతుందంటారు, నిజమేనా?

జవాబు

నిజమే. ఒక్క రోజుతో ఏమీ కాదు గానీ అలాగే వదిలేస్తే చైన్ తుప్పుపడుతుంది, స్పోక్ నిపుల్స్, సీసా పట్టే బోల్టులు పట్టేస్తాయి. ఇంటికి రాగానే మామూలు మంచినీళ్లు పోసి కడగండి. ప్రెషర్ పైపు బేరింగుల మీదకు కొట్టకండి, గ్రీజు లోపలికి నీళ్లు పోతాయి. గుడ్డతో పొడిగా తుడిచి చైన్‌కి నూనె వేసి, పైన మిగిలింది తుడిచేయండి. టైర్లలో ఇసుక, గాజు ముక్కలు ఉన్నాయేమో అప్పుడే చూసుకోండి.